కుట్టు మింగిన ఇంటిపేర్లు

కంప్యూటర్‌లో కొత్త పేజీ తెరిచి టైపు చేయడం మొదలుపెడితే అక్షరాలు కాగితం అంచు నుంచి రావు. కొంచెం లోపలికి జరిగి మొదలవుతాయి. ఆ కొంచెం ఎంత? ఎవరు నిర్ణయించారు? ఎందుకు? ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లల్ని నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే. చాలామంది నవ్వేస్తారు. "అది దానంతట అదే వస్తుంది మేడమ్" అంటారు. కంప్యూటర్ వచ్చిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. ఎవరో ఒకరు ఎప్పుడో ఒక బటన్ నొక్కితేనే అది అలా వస్తుందని నాకు అర్థమయ్యేలోపు, ఒక మనిషి ఏడు నెలలు మా ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. ఆ బటన్ నొక్కింది నేనే.

నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టుగా చేరి, అక్కడక్కడా తిరిగి, టైపిస్టుగానే రిటైరయ్యాను. ఆఫీసు పేరు చెప్పను. జీతాలు, బదిలీలు, ఇంక్రిమెంట్ల గోల కూడా చెప్పను. అవి మీకు ఎలాగూ తెలిసొస్తాయి. కాగితానికి ఎడమ పక్కన వదిలే ఖాళీ గురించి మాత్రం చెబుతాను. ఇప్పటికీ నాకు ఆశ్చర్యం తీరనిది అదొక్కటే.

మనది కాని జాగా

ఆమదాలవలస స్టేషనుకు ఎదురు సందులో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. మా ఊరి నుంచి పాసింజర్ బండిలో వచ్చి, గంటసేపు టైపు నేర్చుకుని, మళ్లీ బండెక్కి వెళ్లేదాన్ని. మా నాన్న వరి రైతు. వేళ్లతో టకటకా కొడితే ఉద్యోగం వస్తుందంటే ఆయనకు నమ్మకం కుదరలేదు, అయినా పంపాడు.

టైపు మిషను వెనక రెండు చిన్న మీటలు ఉండేవి. ఎడమ మీట దగ్గర లైను మొదలవుతుంది, కుడి మీట దగ్గరకు వస్తుంటే గంట మోగుతుంది. ఆ గంట మొదటిసారి విన్నప్పుడు నేను ఉలిక్కిపడి చేతులు వెనక్కి తీసుకున్నాను. మా మాస్టారు పక్కకు వచ్చి నిలబడ్డారు.

"బయపడకమ్మా. కాయితం మొత్తం మనది కాదు. ఎడం పక్కది కుట్టీవోడిది, కుడి పక్కది పట్టుకునీవోడిది. మజ్జినున్నదే మనది. ఆ సంగతే అది సెప్తన్నాది" అన్నారు.

టైపు పరీక్షల్లో లోయర్ పాసయ్యాను, హయ్యర్ పాసయ్యాను. ఆయన మాట పరీక్షకు పనికొచ్చేది కాదు కాబట్టి మరిచిపోయాను.

రికార్డు రూములో అప్పలస్వామి

మా ఆఫీసు రికార్డు రూములో అప్పలస్వామి అని ఒక అటెండరు ఉండేవాడు. నాకంటే చాలా పెద్దవాడు, నేను బాబాయ్ అనేదాన్ని. ఏ పని పూర్తయినా దాని కాగితాలన్నీ ఆయన దగ్గరకు చేరేవి. వాటిని నేల మీద కొట్టి అంచులు సమం చేసి, చెక్కపీట మీద పెట్టి, దబ్బనంతో ఎడమ పక్కన కన్నాలు పొడిచి, మైనం పట్టించిన దారంతో కుట్టేవాడు. పైన గుడ్డ అతికించి ఎండబెడితే పుస్తకం తయారయ్యేది. ఆయన కుట్టిన పుస్తకాలు చెదలు తిన్నా కుట్టు దగ్గర మాత్రం ఊడేవి కావు.

ఆయనకు చదువు రాదు. కానీ ఏ కాగితం ఎవరు కొట్టారో చెప్పేవాడు. ఎడమ అంచు మీద రెండు వేళ్లు ఆనించి చూసి, "ఇది నువ్వు కొట్టింది కాదు గదా, సత్యవతమ్మా? నువ్వు జాగా ఒగ్గుతావు" అనేవాడు. అక్షరాలు చదవలేని మనిషి ఖాళీని చదువుతున్నాడే అని నేను ముక్కున వేలేసుకునేదాన్ని. ఆ మెచ్చుకోలు నాది కాదని, మిషను మీటదని అప్పట్లో నాకు తోచలేదు.

ఒక్క బటన్

టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. మా సూపరింటెండెంటు నరసింగరావు గారికి కాగితం పిచ్చి. ఒక పేజీలో పట్టేది రెండు పేజీల్లో వస్తే ఆయన ముఖం మాడిపోయేది. ఒకరోజు ఒక జాబితా చేతిలో పట్టుకుని నా టేబుల్ దగ్గరకు వచ్చారు.

"సత్యవతీ, ఈ పక్కన ఇంత తెల్లగా ఒగ్గీసేవు, ఎందుకమ్మా? అక్కడ ఏటైనా మొలుస్తాదా?" అన్నారు.

అందరూ నవ్వారు. నాకు రోషం వచ్చింది. శిక్షణలో నేర్పినది గుర్తు చేసుకుని పేజీ లేఅవుట్‌లోకి వెళ్లాను. మార్జిన్స్ అని ఉంది. కస్టమ్ మార్జిన్స్ నొక్కి ఎడమ, కుడి, పైన, కింద అన్నీ అర అంగుళం చేశాను. ఆ గడికి అడుగున "డిఫాల్ట్" అనే బటన్ కనిపించింది. నొక్కాను. ఇకమీదట ఈ టెంప్లేటు మీద తెరిచే ప్రతి కొత్త పేజీకీ ఈ మార్పు వర్తిస్తుంది, సరేనా అని అడిగింది. సరే అన్నాను.

ఆ క్షణం నాకు బాగా గుర్తుంది. కొత్త పేజీ తెరిచాను, అర అంగుళం. మూసి మళ్లీ తెరిచాను, అర అంగుళం. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టినా అంతే. ఇంకా ఎవరూ రాయని కాగితాలు, రేపు వచ్చే జాబితాలు, వచ్చే ఏడాది ఉత్తర్వులు అన్నీ నా మాట విన్నాయి. మిగతా మూడు కంప్యూటర్లలో కూడా అలాగే చేసి పెట్టాను. నరసింగరావు గారు అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు.

నెల తిరక్కుండానే అప్పలస్వామి వచ్చాడు. "అమ్మా, నా దారానికి జాగా నేదు. అచ్చరాల మీంచి కుట్టాల్సొస్తాది. సూసుకో" అన్నాడు. నేను వేరే పనిలో ఉండి "సర్లే బాబాయ్, అడ్జస్టు చెయ్యి" అన్నాను. ఆయన మాట పెడచెవిన పెట్టాను. నా ఉద్యోగం మొత్తంలో నేను చేసిన పెద్ద తప్పు ఏదంటే, ఆ బటన్ నొక్కడం కంటే ఇదే అంటాను. బటన్ తెలియక నొక్కాను. ఇది చెప్పినా వినలేదు.

ఇద్దరు ఎర్రమ్మలు

ఆ ఏడాది తుఫానుకు సముద్రం ముందుకొచ్చి ఒక మత్స్యకార పల్లెలో ముందు వరస ఇళ్లను తినేసింది. ఇళ్లు పోయినవాళ్లకు వెనక మెట్ట మీద స్థలాలు ఇవ్వాలని నిర్ణయించారు. మావాళ్లు వెళ్లి ఇంటింటికీ తిరిగి సర్వే చేశారు, ఆ జాబితా నేనే టైపు చేశాను. మొదటి గడిలో వరస నంబరు, ఇంటిపేరు. తర్వాత మనిషి పేరు, భర్త పేరు, వయసు. అందరూ సంతకాలు పెట్టి, సీళ్లు వేశాక ఆ జాబితా మిగతా కాగితాలతో కలిసి అప్పలస్వామి చేతిలో లావుపాటి పుస్తకమైంది. పై ఆఫీసు కాపీ అడిగితే ఆ పుస్తకాన్నే జిరాక్సు తీసి పంపారు. వాళ్లు దాన్ని చూసి తుది జాబితా తయారు చేశారు.

తర్వాత కొన్నాళ్లకు ఇద్దరు ఆడవాళ్లు ఆఫీసుకు వచ్చారు. ఇద్దరి పేరూ ఎర్రమ్మే. ఇద్దరి భర్తల పేరూ రాములే. వయసు అడిగితే ఇద్దరూ తెలీదనడంతో సర్వేకు వెళ్లినవాళ్లు ఇద్దరికీ నలభై అయిదే వేశారు. ఒకరిది సూరాడ వారిల్లు, ఇంకొకరిది మైలపల్లి వారిల్లు. ఆ పల్లెలో ఎర్రమ్మ అంటే అమ్మవారు, ఆ పేరు పెట్టుకోని ఇల్లు లేదు. మనిషిని మనిషి నుంచి వేరు చేసేది ఇంటిపేరే.

తుది జాబితాలో ఎవరికీ ఇంటిపేరు లేదు, అది పై ఆఫీసు పద్ధతనుకున్నాం. రాములు భార్య ఎర్రమ్మ ఒక్కతే ఉంది. వరసలో ముందున్న సూరాడ ఎర్రమ్మకు స్థలం వచ్చింది, మైలపల్లి ఎర్రమ్మకు రాలేదు. ఒకే పేరు రెండుసార్లు పడిందని పై ఆఫీసులో ఎవరో రెండోది కొట్టేశారు.

నన్ను కదిలించింది ఏమిటంటే, స్థలం వచ్చిన ఎర్రమ్మ కూడా ప్రతిసారీ వెంట వచ్చేది. చేపల బేరం మానుకుని, రెండు బస్సులు మారి, ఇద్దరూ కలిసి వచ్చి నరసింగరావు గారి టేబుల్ ముందు పక్కపక్కనే నిలబడేవారు.

"బాబుగోరూ, సూడండి. నానొక ఎర్రమ్మ, ఇదొక ఎర్రమ్మ. మనుసులం ఇద్దరుం కనపడతన్నాం గదా. కాయితంలో ఒకలం ఎలగైపోయాం?" అనేది సూరాడ ఎర్రమ్మ.

"నాకు కనపడితే సాలదమ్మా, కాయితంలో కనపడాల" అనేవారు ఆయన. ఆయన చెడ్డవాడు కాదు. ఆధార్ కార్డులు ఇంకా ఆ పల్లెల దాకా రాలేదు. రేషన్ కార్డు చూపిస్తే, ఊళ్లో ఉన్నట్టు రుజువు సరే, సర్వే నాడు ఇల్లు పోయినట్టు రుజువేదని పై ఆఫీసు అడిగింది. ఆ రుజువు జాబితా ఒక్కటే.

"మరి నా ఇల్లు ఏటైపోయినట్టు? సముద్రం తినీసింది గదా. ఇప్పుడు ఈ కాయితం నన్ను తినీసింది" అంది మైలపల్లి ఎర్రమ్మ. ఆమె మాట్లాడగా నేను విన్నది అదే మొదలు. అప్పటికి వాళ్లింటిల్లిపాదీ వలలు పెట్టుకునే పాకలో ఉంటున్నారు.

నల్లటి చార

కంప్యూటర్‌లో ఫైలు చూద్దామంటే అది లేదు. మా ఆఫీసుల్లో ఒక అలవాటు ఉంది. కొత్త జాబితా కావాలంటే పాత జాబితా తెరుస్తాం, దాని మీదే పేర్లు మార్చేస్తాం, సేవ్ చేసేస్తాం. ఆ పల్లె జాబితా మీద నేనే వేరే ఊరి జాబితా కొట్టేశాను. ఇది రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

ఏడో నెలలో ఒకరోజు, పై ఆఫీసుకు పంపిన జిరాక్సుకు మేం ఉంచుకున్న నకలు ఫైల్లో నా చేతికి వచ్చింది. ప్రతి పేజీకీ ఎడమ పక్కన నిలువునా నల్లటి చార ఉంది. లావు పుస్తకం పూర్తిగా తెరుచుకోక, మడతలో పడిన నీడ అది. ఆ నీడ పక్కనే "ఎర్రమ్మ" అని మొదలైంది. దాని ముందు ఏమీ లేదు. ఇంటిపేరు గడే లేదు.

నేను నేరుగా లేచి వెళ్లి ఒప్పుకున్నానని చెప్పాలని ఉంది కానీ అది అబద్ధం. వారం రోజులు నోరు మెదపలేదు. ఆ వారంలో వాళ్లిద్దరూ ఇంకొకసారి వచ్చి వెళ్లారు. వాళ్లు మెట్లు దిగుతుంటే నేను తలవంచుకుని టైపు చేస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాత ఉండబట్టలేక రికార్డు రూముకు వెళ్లి, ఆ పుస్తకం కుట్టు విప్పమని అప్పలస్వామిని అడిగాను.

"సంతకాలు, సీళ్లు పడిపోయిన పుస్తకం తల్లీ. ఆర్డరు నేకుండా దబ్బనం ఎడితే నా నౌకరీ ఎల్లిపోద్ది. రాయించుకురా. సిటికెలో ఇప్పీస్తాను" అన్నాడు.

నోటు రాశాను. ఎడమ మార్జిన్ డిఫాల్టుగా అర అంగుళానికి తగ్గించింది నేనేనని, రికార్డు అటెండరు హెచ్చరించినా వినలేదని, అందువల్ల ఇంటిపేర్లు కుట్టులో పోయాయని, పుస్తకం విప్పడానికి అనుమతి కావాలని. నరసింగరావు గారు రెండుసార్లు చదివారు.

"ఇది పైకి ఎల్తే నీ సర్వీసు రిజిస్టర్లో పడతాది. తెలుసునా?"

"తెలుసండి."

ఆయన చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నారు. చివరికి నా నోటు కింద ఇంకో వాక్యం రాశారు. మార్జిన్ తగ్గించమని ప్రోత్సహించింది తానేనని. దాని కింద సంతకం పెట్టి నా చేతికిచ్చారు. ఎంతోమంది పై అధికారుల కింద పనిచేశాను, నేను లేచి నమస్కారం పెట్టాలనిపించి పెట్టింది ఆ ఒక్క రోజే.

కుట్టు విప్పిన రోజు

అనుమతి వచ్చాక ఇద్దరు ఎర్రమ్మలకూ కబురు పెట్టాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక రికార్డు రూములో టేబుల్ చుట్టూ నిలబడ్డాం. అప్పలస్వామి గుడ్డ తడిపి ఊడదీసి, దారాన్ని ఒక్కో కన్నం దగ్గరా కోసుకుంటూ వచ్చాడు. పేజీలు విడివడ్డాయి.

మిగతా కాగితమంతా చేతులు పడి మాసిపోయింది. కుట్టు కింద ఉన్న భాగం మాత్రం నిన్న ప్రింటు తీసినట్టు తెల్లగా ఉంది. ఆ తెల్లదనంలో పైనుంచి కింది దాకా ఇంటిపేర్లు వరసగా ఉన్నాయి. కొన్నిటి మధ్య నుంచి దబ్బనం దిగిన కన్నాలున్నాయి. సూరాడ. కింద నాలుగో వరసలో మైలపల్లి. నాకు కళ్లు చెమర్చాయి. నేను టైపు చేసిన అక్షరాలను చూసి నేనే చేతులు జోడించాను.

"ఏది నాను?" అంది మైలపల్లి ఎర్రమ్మ. ఆమె వేలు పట్టుకుని పేరు మీద పెట్టాను. చాలాసేపు తీయలేదు.

"ఇన్నాళ్లూ ఇక్కడే ఉన్నానా?"

"ఎక్కడికీ ఎల్నేదమ్మా. నా కుట్టు కింద ఉన్నావు" అన్నాడు అప్పలస్వామి.

అప్పుడు నేను చెప్పాల్సింది చెప్పాను. తప్పు నాదని, ఆ పక్కన జాగా తగ్గించింది నేనని. ఆమె నా వైపు చూసింది. తిడుతుందని సిద్ధంగా ఉన్నాను.

"ఏడు నెలలమ్మా" అంది. అంతే అంది. తిట్టినా నాకు అంత తగిలేది కాదు.

ఆ పుస్తకంలో అలాగే కొట్టేసిన పేర్లు ఇంకో రెండు దొరికాయి. ఆ ఇళ్లవాళ్లు అడగడానికి కూడా రాలేదు. నుదుట రాసి లేదేమో అనుకుని ఊరుకున్నారట. వాళ్లను తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయం వేస్తుంది. వచ్చి అడిగేవాళ్ల వల్ల మన తప్పు మనకు తెలుస్తుంది, రానివాళ్ల సంగతి ఎవరికి తెలుస్తుంది?

పని నేర్చుకునేవాళ్లకు

నాకు మెమో వచ్చింది. వచ్చిన రోజే డిఫాల్టు మార్చాను. ఎడమ పక్క అంగుళమున్నర, దానికి తోడు కుట్టు కోసం విడిగా ఉండే గట్టర్ అనే గడిలో ఇంకో అర అంగుళం. అయిపోయిందనుకున్నాను. వారం తర్వాత చూస్తే జాబితాలు మళ్లీ అర అంగుళంతోనే వస్తున్నాయి.

ఎందుకో మీరు తెలుసుకోవాలి. డిఫాల్టు మార్చితే కొత్తగా తెరిచే పేజీలే మారతాయి. పాత ఫైళ్లు వాటి పాత కొలతలోనే ఉంటాయి. మన వాళ్లు కొత్త పేజీ తెరవరు కదా, పాత కాగితం మీదే పేర్లు మార్చుకుంటూ పోతారు. అంటే నా తప్పు నన్ను అడగకుండానే పిల్లలు పెడుతోంది. ఒక్కో కంప్యూటర్‌కూ దాని డిఫాల్టు దానిదే కాబట్టి నా దాంట్లో మార్చితే పక్కదాంట్లో మారదు కూడా.

అందుకని జాబితాకు ఒకటి, ఉత్తర్వుకు ఒకటి, నోటీసుకు ఒకటి ఖాళీ కాగితాలు సరైన మార్జిన్లతో తయారు చేసి, టెంప్లేటు రకంగా సేవ్ చేశాను. అది తెరిస్తే దాని నకలు తెరుచుకుంటుంది, అసలుది చెడదు. ఒకదాని మీద ఒకటి కొట్టి పోగొట్టుకునే రోగం కూడా దానితో తగ్గింది. పాత ఫైళ్లన్నీ ఒక్కొక్కటే తెరిచి సరిచేశాను. ప్రతి టెంప్లేటు కొలతా నా అంతట నేను పెట్టలేదు. ప్రింటు తీసి అప్పలస్వామికి ఇచ్చి, ఆయన రెండు వేళ్లు ఆనించి తల ఊపాకే సేవ్ చేశాను. వాటన్నిటికీ ఆయన పేరే పెట్టాను.

అవి పెన్‌డ్రైవుల్లో పాతపట్నం దాకా, అటు సాలూరు దాకా వెళ్లాయని తర్వాత తెలిసింది. రిటైరయ్యే ముందు ఒక ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి నన్ను అడిగింది, "అప్పలస్వామి అంటే ఏదైనా సాఫ్ట్‌వేర్ కంపెనీయా మేడమ్?" అని. కాదమ్మా, మనిషే అన్నాను. ఆయన అప్పటికి లేడు. ఆ అమ్మాయి టైపు చేస్తున్న కాగితం మీద ఎడమ పక్కన ఆయన వదలమన్న జాగా అలాగే ఉంది. అక్షరమ్ముక్క రాని మనిషి చెయ్యి మూడు తాలూకాల కాగితాల మీద ఉందని తలుచుకుని ఆ రోజు అన్నం సరిగా తినలేకపోయాను.

మెట్ట మీద

మైలపల్లి ఎర్రమ్మకు పట్టా వచ్చింది. ఇద్దరు ఎర్రమ్మలూ పట్టుబట్టి పక్కపక్క స్థలాలు వేయించుకున్నారు. ఇళ్లు కట్టుకుంటున్నాం, చూసి వెళ్లమని కబురు చేస్తే ఒక ఆదివారం వెళ్లాను. పునాదులు లేచాయి. మేస్త్రీ కొలతాడు పట్టుకుని వాళ్లకు నచ్చజెబుతున్నాడు. రెండిళ్లకూ మధ్య ఒక్కటే గోడ లేపితే ఇటుక కలిసొస్తుందని, కొంచెం చోటు కూడా కలిసొస్తుందని, ఎలాగూ అక్కచెల్లెళ్లలా ఉంటారు కదా అని.

సూరాడ ఎర్రమ్మ మెత్తబడుతున్నట్టే ఉంది. మైలపల్లి ఎర్రమ్మ వెళ్లి రెండు పునాదుల మధ్య నిలబడింది.

"ఒద్దు బాబూ. మజ్జిన జాగా ఒగ్గు. కలిపీసేవంటే మళ్లీ ఎవులో వచ్చి ఒకలమే అనీసి రాసుకుపోతారు" అంది.

మేస్త్రీ నవ్వుతూ నా వైపు చూశాడు, మీరైనా చెప్పండి అన్నట్టు.

"ఆవిడ చెప్పినంత వదులు" అన్నాను.